సార్వత్రిక ఆరోగ్య రక్షణ, యజమానుల బీమా భారం: బళ్లారి జిల్లా

సార్వత్రిక ఆరోగ్య రక్షణ అంటే ఉద్యోగం ఉన్నా లేకున్నా, ఇంట్లో ఏ రేషన్ కార్డు ఉన్నా, జబ్బుపడిన ప్రతి మనిషికీ డబ్బు అడ్డం రాకుండా వైద్యం అందించే ప్రభుత్వ ఏర్పాటు. అది పూర్తిగా అమల్లోకి వస్తే, పనివాళ్ల వైద్యం కోసం యజమానులు ఇప్పుడు కడుతున్న సొమ్ము ఏమవుతుందన్నది ఈ వ్యాస విషయం. కర్ణాటకలో ఆంధ్రప్రదేశ్ ఎల్లను ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలో ఈ ప్రశ్నను దగ్గరగా చూడవచ్చు. పెద్ద ఉక్కు కర్మాగారం, ఇనుప గనులు, జీన్స్ కుట్టే చిన్న షెడ్లు ఒకే జిల్లాలో ఉన్నాయి. పనివాడి వైద్యానికి యజమాని ఎంత, ఎలా కడతాడన్నది ఈ మూడు చోట్లా మూడు రకాలు. పైగా ఇక్కడ పనిచేసే తెలుగువాళ్లలో కొందరికి ఇల్లూ కార్డూ ఆంధ్రలో, కూలి కర్ణాటకలో.

యజమాని వైద్య ఖర్చు అని మనం అనే పద్దులో నాలుగు సంగతులు కలిసి ఉంటాయి: ఆసుపత్రిలో చేరితే అయ్యే బిల్లు, మామూలు జ్వరానికీ బీపీకీ డాక్టరూ మందులూ, జబ్బుతో పని మానేసిన రోజుల జీతం, పనిలో దెబ్బ తగిలితే ఇవ్వాల్సిన పరిహారం. సార్వత్రిక ఆరోగ్య రక్షణ వీటిలో మొదటిదాన్ని తప్పకుండా తగ్గిస్తుంది. రెండోదాన్ని తగ్గించవచ్చు. చివరి రెండింటి జోలికి దాదాపు పోదు. ఈ నాలుగింటినీ ఒకే ముద్దగా చూసిన లెక్కలు మిగులును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతాయి.

జిల్లా, ఎల్ల

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని పాత బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి పట్టణంతో సహా మిగిలినది మైసూరుకు పోయింది. 2021లో హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయాక బళ్లారి, కురుగోడు, కంప్లి, సిరుగుప్ప, సండూరు తాలూకాలు మిగిలాయి. గీత గీశారు కానీ రాకపోకలు ఆగలేదు. రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు, ఆదోని వైపు నుంచి పెద్ద జబ్బు వస్తే బళ్లారికి వెళ్లడం ఇప్పటికీ అలవాటే. 1961లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్దాసుపత్రిని జనం విమ్స్ అనే పిలుస్తారు. ఈ ప్రాంతానికంతా చివరి దిక్కు అదే.

సండూరు తాలూకాలోని తోరణగల్లులో జేఎస్‌డబ్ల్యూ ఉక్కు కర్మాగారం ఉంది. అదే తాలూకాలోని దోణిమలైలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ గనులు, చుట్టుపక్కల ప్రైవేటు ఇనుప, మాంగనీసు గనులు ఉన్నాయి. బళ్లారి పట్టణంలో కౌల్ బజారు చుట్టూ వందల సంఖ్యలో జీన్స్ కుట్టే, ఉతికే యూనిట్లు నడుస్తున్నాయి.

ఇ.ఎస్.ఐ. లెక్క

ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) చట్టం 1948లో వచ్చింది. బి.పి. అడార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక దానికి ఆధారం. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో పథకం మొదలైంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీకి ఇది వర్తిస్తుంది. జీతం పరిమితిని 2017 జనవరిలో నెలకు 21,000 రూపాయలకు పెంచారు. 2019 జులై 1 నుంచి యజమాని వాటా జీతంలో 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. అంతకు ముందు అవి 4.75 శాతం, 1.75 శాతం.

ఈ శాతాలు ఎంత డబ్బో ఒక ఊహా యూనిట్‌తో చూద్దాం. పన్నెండు మంది, తలకు నెలకు 14,000 జీతం అనుకుంటే మొత్తం జీతాల బిల్లు 1,68,000 రూపాయలు. యజమాని నెలకు 5,460 కడతాడు, పనివాళ్లందరి నుంచీ కలిపి 1,260 కోస్తాడు. పాత రేటు మీద యజమాని వాటా 7,980 అయ్యేది. అంటే 2019 కోత వల్ల ఈ యూనిట్‌కు ఏడాదికి 30,240 రూపాయలు మిగిలింది. ప్రభుత్వం ఒక్క నోటిఫికేషనుతో యజమానుల బీమా ఖర్చును దేశమంతటా ఎంత మార్చగలదో దీనితో తెలుస్తుంది. ఆసుపత్రులు బాగుపడినందుకో జబ్బులు తగ్గినందుకో ఆ తగ్గింపు రాలేదు. అప్పటికే ఇ.ఎస్.ఐ. సంస్థ దగ్గర భారీగా నిల్వలు పేరుకుపోయి ఉన్నాయి.

3.25 శాతానికి వైద్యం ఒక్కటే రాదు. జబ్బు చేసిన రోజుల్లో ఏడాదికి 91 రోజుల దాకా సగటు కూలిలో 70 శాతం వస్తుంది. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘ వ్యాధులకు 80 శాతం లెక్కన ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. కాన్పుకు 26 వారాల పూర్తి జీతం వస్తుంది. పనిలో అంగవైకల్యం కలిగితే, లేదా చనిపోతే కుటుంబానికి, కూలిలో 90 శాతం లెక్కన నెలనెలా చెల్లిస్తారు. రేపు ప్రభుత్వం వైద్యమంతా ఉచితం చేసి, ఇ.ఎస్.ఐ. నుంచి వైద్య భాగాన్ని తీసేసినా, ఈ నగదు భాగం మోయడానికి ఎవరో ఒకరు కట్టాలి. కాబట్టి యజమాని వాటా సున్నాకు రాదు. పెద్ద భాగం వైద్యానికే పోతోంది కనుక గణనీయంగా తగ్గడానికి వీలుంది, అంతే.

తోరణగల్లు లాంటి చోట కాంట్రాక్టు కూలీల సంగతి విడిగా చూడాలి. ఇ.ఎస్.ఐ. నియమాల ప్రకారం కాంట్రాక్టరు మనుషుల తరఫున కట్టాల్సిన బాధ్యత మొదట అసలు యజమానిదే. అతను కట్టి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో పట్టుకుంటాడు. కాంట్రాక్టరు దాన్ని ముందే టెండరు రేటులో కలిపేసుకుంటాడు. ఇన్ని చేతులు మారాక ఆ సొమ్ము చివరికి ఎవరి కూలిలోంచి వస్తుందో చెప్పడం కష్టం. అర్థశాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నది ఇదే: చెక్కు మీద సంతకం యజమానిదైనా, బీమా భారంలో కొంత భాగం కాలక్రమంలో జీతాల పెరుగుదలను తినేస్తుంది. అదే నిజమైతే, సార్వత్రిక రక్షణ వల్ల యజమానికి మిగిలేదాంట్లో కొంత పనివాడికి చేరాలి. గట్టి సంఘం ఉన్నచోట చేరుతుంది. రోజు కూలీల మేస్త్రీ దగ్గర చేరుతుందని నేననుకోను.

గనులది వేరే దారి

ఈ జిల్లాను ఇనుపఖనిజంతో గుర్తుపట్టేవాళ్లకు కూడా తెలియని సంగతి ఒకటుంది. 1948 చట్టం ఫ్యాక్టరీ అన్న నిర్వచనంలోంచి గనుల చట్టం కిందికి వచ్చే గనులను మినహాయించింది. ఆ చట్టం నడిచినంతకాలం తోరణగల్లులో కొలిమి దగ్గర నిలబడేవాడికి ఇ.ఎస్.ఐ. ఉంటే, ఆ కొలిమికి రాయి పంపే సండూరు గని కూలీకి ఉండేది కాదు. గని కార్మికుల కోసం 1976లో ఇనుప, మాంగనీసు, క్రోమ్ గనుల సంక్షేమ సెస్ చట్టం చేశారు. ఖనిజం మీద వసూలు చేసిన ఆ సొమ్ముతో కేంద్ర కార్మిక శాఖ వాళ్లకు ఆసుపత్రులూ డిస్పెన్సరీలూ నడిపింది. జీఎస్‌టీ రాకముందు చిన్నచిన్న సెస్‌లను ఎత్తేసిన ఊపులో అదీ పోయింది.

దాని స్థానంలోకి పూర్తిగా కాకపోయినా కొంతవరకు వచ్చింది జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టాన్ని సవరించి, పాత లీజులవాళ్లు రాయల్టీలో 30 శాతం, వేలంలో గెలిచిన కొత్త లీజులవాళ్లు 10 శాతం ఈ నిధికి కట్టాలన్నారు. ఇనుపఖనిజం రాయల్టీ సగటు అమ్మకపు ధరలో 15 శాతం. అంటే పాత లీజు యజమాని ధరలో 4.5 శాతం, కొత్త లీజు యజమాని 1.5 శాతం కడుతున్నట్టు. నిధి ఖర్చులో ఆరోగ్యం, తాగునీరు, విద్య లాంటి వాటికి పెద్దపీట వేయాలని కేంద్రం నియమాలు చెబుతాయి.

నా దృష్టిలో బళ్లారి నుంచి దేశం నేర్చుకోవాల్సిన ముఖ్య విషయం ఇక్కడే ఉంది. 1948 చట్టం కింద గని యజమాని తన కూలీకి బీమా ప్రీమియం కట్టలేదు. కానీ జిల్లా మొత్తం వాడుకునే ఆసుపత్రికి డబ్బు కడుతున్నాడు. మనుషుల తలలను బట్టి కాకుండా తవ్విన టన్నులను బట్టి కడుతున్నాడు. పేరు పెట్టకుండానే ఇది సార్వత్రిక ఆరోగ్య రక్షణకు ఒక చందా. ఎంతమందికి పని ఇచ్చాడన్నదానితో దీనికి సంబంధం లేదు కనుక, మనుషులను తగ్గించుకుంటే ఖర్చు తగ్గుతుందన్న ఆశ యజమానికి ఉండదు. జీతం మీద వేసే చందాకు ఉన్న పెద్ద లోపం ఇందులో లేదు.

దీనిలోని లోపం వేరు. దుమ్ము ఎక్కువ రేపిన గనికీ, నీళ్లు చల్లి, రోడ్లు తడిపి, కూలీలకు మాస్కులిచ్చి జాగ్రత్తగా నడిపిన గనికీ ఒకే రేటు. ఊపిరితిత్తుల్లో రాతిధూళి చేరి వచ్చే సిలికోసిస్ లాంటి జబ్బులకు వైద్యమంతా పన్నుల సొమ్ముతో జరిగితే, నిర్లక్ష్యపు గని యజమాని మీద పడాల్సిన ఖర్చు జిల్లా ప్రజల మీద పడుతుంది. 1923 నాటి పరిహార చట్టం వృత్తి జబ్బులకు యజమానిని బాధ్యుణ్ణి చేసింది కానీ, జబ్బు ఆ గనిలోనే వచ్చిందని రుజువు చేయడం, గనులు మారుతూ ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి దాదాపు అసాధ్యం. సార్వత్రిక రక్షణ తెచ్చేటప్పుడు, జబ్బులు ఎక్కువ పుట్టించే గనికి చందా ఎక్కువ పడేలా రేటు కట్టాలి. జర్మనీలో వృత్తి ప్రమాదాల బీమాను యజమానులే పూర్తిగా భరిస్తారు, ప్రమాదం ఎక్కువున్న రంగానికి రేటూ ఎక్కువ. ఈ ఒక్క విషయంలో యజమానుల ఖర్చు తగ్గడం మంచిది కాదు.

జీన్స్ షెడ్లు

కౌల్ బజారు జీన్స్ పరిశ్రమలో చాలా యూనిట్లు చిన్నవి. కటింగ్ ఒకచోట, కుట్టు ఒకచోట, వాషింగ్ ఇంకోచోట. కూలి పీసు లెక్కన. దారాలు కత్తిరించే, గుండీలు కుట్టే పని ఇళ్లకు తీసుకెళ్లే ఆడవాళ్లు ఏ హాజరు పట్టీలోనూ కనిపించరు. షెడ్డులో తొమ్మిది మంది ఉన్నంతకాలం ఇ.ఎస్.ఐ. వర్తించదు. ఒకసారి వర్తించాక, తర్వాత మనుషులు పది కంటే తగ్గినా చట్టం వదలదు. అందుకే పదో మనిషిని తీసుకోవడానికి చిన్న యజమాని వెనకాడతాడు. ఆర్డరు పెరిగితే ఇంకో పేరుతో ఇంకో షెడ్డు పెట్టుకోవడం అతనికి తేలికనిపిస్తుంది.

ఇలాంటి యజమానికి బీమా ప్రీమియం పద్దే లేదు, కనుక సార్వత్రిక రక్షణ వల్ల మిగిలేదీ లేదనుకోవడం పొరపాటు. మెషిన్ మీద కూచునేవాడి భార్యకు ఆపరేషనంటే మొదట చెయ్యి చాచేది షెడ్డు యజమాని దగ్గరే. అడ్వాన్సు ఇవ్వాలి, వారంవారం కూలిలో కోసుకోవాలి. పనివాడు మధ్యలో మానేస్తే ఆ డబ్బు పోయినట్టే. ఏ లెక్కల పుస్తకంలోనూ బీమా అని రాయని ఈ అడ్వాన్సులే చిన్న పరిశ్రమకు అసలు వైద్య ఖర్చు. పనివాడి వైపు నుంచి చూస్తే అది ఇంకా బరువు: అప్పు తీరేదాకా వేరే షెడ్డుకు పోలేడు, రేటు పెంచమని అడగలేడు. ఆసుపత్రి బిల్లు ప్రభుత్వం కడితే ఈ ముడి వదులవుతుంది. యజమానికి పెట్టుబడి మిగులుతుంది, పనివాడికి బేరమాడే శక్తి వస్తుంది. ఈ రెండో ఫలితాన్ని యజమానులందరూ సంతోషంగా ఒప్పుకోకపోవచ్చు. అయినా సార్వత్రిక రక్షణను సమర్థించడానికి నాకు అన్నిటికంటే బలంగా కనిపించే కారణం ఇదే.

దీనికి ఎదురు వాదమూ ఉంది. ఉచిత వైద్యం బయట దొరికితే పది దాటి ఇ.ఎస్.ఐ. కిందికి రావాలన్న కోరిక యజమానికీ ఉండదు, కోత పడే పనివాడికీ ఉండదని కొందరంటారు. మెక్సికోలో సెగురో పాపులర్ అనే పథకం 2000 తర్వాతి దశాబ్దంలో విస్తరించినప్పుడు అర్థశాస్త్రవేత్త శాంటియాగో లెవీ ఇదే హెచ్చరిక చేశాడు. నమోదైన సంస్థలు కడుతున్నాయి, నమోదు కానివాళ్లకు ఉచితంగా దొరుకుతోంది, ఇక నమోదు ఎందుకన్నది ఆయన ప్రశ్న. బళ్లారి షెడ్లకు ఇది అచ్చంగా సరిపోతుంది. విరుగుడు కూడా ఆ ప్రశ్నలోనే ఉంది: వైద్యానికి డబ్బు అందరి పన్నుల్లోంచి రావాలి, నమోదైన యజమాని ఒక్కడి మీదే వేయకూడదు.

గ్రూపు మెడిక్లెయిమ్ ఎందుకు తగ్గదు

నెలకు 21,000 దాటిన ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు, ఆఫీసు సిబ్బంది ఇ.ఎస్.ఐ. బయట ఉంటారు. వాళ్ల కోసం కంపెనీలు గ్రూపు మెడిక్లెయిమ్, అంటే సిబ్బందికంతా కలిపి తీసుకునే ప్రైవేటు ఆరోగ్య బీమా, కొంటాయి. కోవిడ్ మొదటి లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ పనిచోట్ల కోసం జారీ చేసిన మార్గదర్శకాలు కార్మికులకు వైద్య బీమా తప్పనిసరి అన్నాయి. అప్పటి నుంచి మధ్యతరహా సంస్థలు కూడా ఈ దారి పట్టాయి.

గ్రూపు పాలసీ ధర ఏటా పునరుద్ధరణ వేళ మారుతుంది. కిందటేడు ఎన్ని క్లెయిములు వచ్చాయి, ఉద్యోగుల సగటు వయసెంత, తల్లిదండ్రులను కలిపారా లేదా అన్నవి చూసి బీమా కంపెనీ రేటు కడుతుంది. తల్లిదండ్రులు చేరితే ధర ఎగబాకుతుంది. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు నిండినవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ అనే తన బీమా పథకం కింద ఏడాదికి 5 లక్షల రక్షణ మొదలుపెట్టింది. ప్రైవేటు బీమా, ఇ.ఎస్.ఐ. ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. రాష్ట్రాలు దీన్ని మనస్ఫూర్తిగా అమలు చేస్తే, యజమానుల ప్రీమియం మీద సార్వత్రిక రక్షణ చూపే మొదటి ప్రభావం ఇక్కడే కనబడాలి.

కనబడాలంటే ఒక షరతుంది. ఆసుపత్రి బిల్లు ముందు ఎవరి దగ్గరికి వెళ్తుందన్నది తేలాలి. ముందు ప్రభుత్వ పథకం కట్టి, మిగిలినదే మెడిక్లెయిమ్ కడితే ప్రీమియం దిగుతుంది. రోగి తనకు నచ్చింది వాడుకోవచ్చంటే, ఆసుపత్రి ఎక్కువ రేటిచ్చే మెడిక్లెయిమ్‌నే అడుగుతుంది. ప్రభుత్వ ప్యాకేజీ రేటుకూ ప్రైవేటు బీమా రేటుకూ మధ్య అంతరం పెద్దదైతే, ఒకదాంట్లో తగ్గినదాన్ని ఇంకోదాంట్లో రాబట్టుకోవాలని చూస్తుంది. అప్పుడు సార్వత్రిక పథకం వచ్చాక యజమాని ప్రీమియం పెరిగినా ఆశ్చర్యం లేదు. పన్ను సంగతి కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు కొనుక్కునే ఆరోగ్య బీమాకు జీఎస్‌టీ ఎత్తేశారు కానీ, గ్రూపు పాలసీల మీద 18 శాతం అలాగే ఉంది.

డబ్బుతో సంబంధం లేని కారణం ఇంకోటి ఉంది: నమ్మకం. 2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో కాన్పు తర్వాత బాలింతలు వరుసగా చనిపోయారు, వాళ్లకెక్కించిన సెలైన్ మీద అనుమానంతో రాష్ట్రమంతా కదిలింది. ఆంధ్రలో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024లో, 2025లో ఆరోగ్యశ్రీ అనే సర్కారీ వైద్య పథకం సేవలు ఆపేశాయి. ఇవి చూసిన సంస్థ తన ఉద్యోగుల మెడిక్లెయిమ్ రద్దు చేసే సాహసం చేయదు. సర్కారీ వైద్యం మీద గురి కుదిరేదాకా యజమాని రెండు చోట్లా కడుతూనే ఉంటాడు, పన్ను రూపంలో ఒకసారి, ప్రీమియం రూపంలో ఒకసారి.

మెడిక్లెయిమ్‌కు బదులు పెద్ద సంస్థ సొంతంగా ఆసుపత్రి నడపడం పాత పద్ధతి. తోరణగల్లులో ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో ఆసుపత్రి ఉంది, ఎల్ల అవతల గుంతకల్లులో రైల్వే ఆసుపత్రి ఉంది. 2021 మేలో కోవిడ్ రెండో విడతలో కర్మాగారం పక్కనే తాత్కాలిక ఆసుపత్రి కట్టి, ఫ్యాక్టరీ నుంచి గొట్టాల్లో ఆక్సిజన్ నేరుగా పడకలకు పంపారు. యజమాని వైద్యం ఊరందరి వైద్యమైన అరుదైన సందర్భం అది.

సర్కారీ పథకాలు, ఎల్లకు ఇటూ అటూ

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది. వాటిలో బళ్లారికి పక్కనే ఉన్న అనంతపురం ఒకటి. మూడేళ్లకు, 2010లో, కర్ణాటక వాజపేయి ఆరోగ్యశ్రీని గుల్బర్గా విభాగంలో మొదలుపెట్టింది. బళ్లారి ఆ విభాగంలోనిదే. కర్ణాటకలో పథకం అమలైన ప్రాంతపు హద్దుకు ఇటూ అటూ ఉన్న గ్రామాలను పోల్చి నీరజ్ సూద్ బృందం చేసిన అధ్యయనం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పథకం ఉన్న గ్రామాల పేద కుటుంబాల్లో, ఆ పథకం కిందికొచ్చే జబ్బులతో మరణాల రేటు 64 శాతం తక్కువగా, ఆసుపత్రికి జేబులోంచి పెట్టే ఖర్చు 34 శాతం తక్కువగా తేలింది. ఈ మిగులు నేరుగా కుటుంబాలకు చేరింది, ఎందుకంటే ఆ కుటుంబాల తరఫున ప్రీమియం కట్టే యజమాని ఎవరూ లేరు.

2018 మార్చిలో కర్ణాటక తన పథకాలన్నిటినీ ఆరోగ్య కర్ణాటకగా కలిపింది. అదే ఏడాది అది ఆయుష్మాన్ భారత్‌తో జత అయింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. పైనున్నవారికి ప్యాకేజీ ఖర్చులో 30 శాతం మాత్రమే, అదీ లక్షన్నర దాకా. పెద్ద చికిత్సకు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ కావాలి. పేరుకు అందరికీ వర్తించినా, జీతగాడికి బిల్లులో 70 శాతం మిగిలే ఈ ఏర్పాటు అతని యజమాని ప్రీమియాన్ని ఏమాత్రం దించలేదు. ఆంధ్రలో 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆదాయంతో పని లేకుండా అన్ని కుటుంబాలకూ వర్తించే సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పేద కుటుంబాలకు 25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు భరించాలన్నది అందులోని ఏర్పాటు.

ఉరవకొండ నుంచి వచ్చి తోరణగల్లులో పనిచేసే మనిషిని తీసుకుంటే చిక్కు అర్థమవుతుంది. అతని ఆరోగ్యశ్రీ కార్డు ఆంధ్రది, పని కర్ణాటకలో. యజమాని కట్టే ఇ.ఎస్.ఐ. మాత్రం జాతీయ సంస్థది కనుక నంబరు రెండు వైపులా చెల్లుతుంది. ఆరోగ్యశ్రీ తొలి నియమాల్లో ఇ.ఎస్.ఐ. ఉన్నవాళ్లకు, వేరే బీమా ఉందన్న కారణంతో, చోటు ఇవ్వలేదు. రాష్ట్రాల వారీగా సార్వత్రిక రక్షణ కడితే ఎల్ల జిల్లాలో యజమాని ఖర్చు తగ్గడం, అతని పనివాడి ఆధార్ చిరునామా మీద ఆధారపడుతుంది. ఒకే షెడ్డులో పక్కపక్క మెషిన్ల మీద కూచున్న ఇద్దరికి రెండు రాష్ట్రాల పథకాలు వర్తిస్తే, యజమాని ఎవరి కోసమూ పాలసీ మానుకోలేడు.

డబ్బు ఎక్కడి నుంచి

అమెరికాలో వైద్య బీమా యజమాని నెత్తిమీద పడి ఎక్కడికి పోయిందో అక్కడున్న లక్షల తెలుగు కుటుంబాలకు తెలుసు. 2024లో ఉద్యోగం ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు, అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది 6,296. ఉద్యోగం పోతే బీమా కూడా పోతుందన్న భయంతో నచ్చని కొలువుల్లో ఉండిపోయేవాళ్లు అక్కడ చాలామంది. బ్రిటన్ 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టి ఎక్కువగా పన్నులతోనే నడుపుతోంది. అయినా యజమాని అక్కడ జాతీయ బీమా చందాగా జీతం మీద కడతాడు, 2025 ఏప్రిల్ నుంచి దాని రేటు 15 శాతం. క్యూ తప్పించడానికి ప్రైవేటు పాలసీ కొనే కంపెనీలు అక్కడా ఉన్నాయి. జర్మనీ 1883 నుంచి చందాను యజమాని, ఉద్యోగి పంచుకునే పద్ధతిలో ఉంది.

మనకు దగ్గరి పోలిక థాయిలాండ్. 2002లో ఆ దేశం ఉద్యోగుల పథకాల్లో లేని జనమంతటికీ పన్నుల సొమ్ముతో వైద్యం ఇచ్చింది. జీతగాళ్ల సామాజిక బీమాను మాత్రం విడిగా ఉంచింది. యజమాని ఖర్చు ఏమీ తగ్గలేదు. పైగా మేం కట్టి పొందేది, కట్టనివాళ్లకు అంతకంటే మెరుగ్గా ఎందుకు దొరుకుతోందని జీతగాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఇ.ఎస్.ఐ.నీ ఆయుష్మాన్‌నూ పక్కపక్కన నడిపితే మనకూ రేపు ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

తెలుగువాడైన హృద్రోగ నిపుణుడు కె. శ్రీనాథ్ రెడ్డి అధ్యక్షతన ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2011లో తన నివేదిక ఇచ్చింది. సార్వత్రిక రక్షణకు ప్రధాన వనరు సాధారణ పన్నులే కావాలని, జీతగాళ్ల నుంచి ఆదాయాన్ని బట్టి తప్పనిసరి కోత దానికి తోడు కావచ్చని, వైద్యం కొనే పని బీమా కంపెనీలకు అప్పగించవద్దని అది సిఫారసు చేసింది. ప్రభుత్వ వైద్య వ్యయం 2022 నాటికి జీడీపీలో 3 శాతానికి చేరాలంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం అది 1.84 శాతం, దేశంలో మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం ఇంకా జనం జేబుల్లోంచే పోతోంది. అదే కాలంలో నీతి ఆయోగ్ నివేదిక ఒకటి, పేదల పథకాల్లోకి రాని, జీతగాళ్ల బీమా లేని జనం దాదాపు 40 కోట్లని అంచనా కట్టింది. కౌల్ బజారు షెడ్డు యజమానుల్లో చాలామంది ఆ 40 కోట్లలో తామే ఉంటారు.

2025 నవంబరు 21న, 1948 చట్టం స్థానంలో, సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. ఇ.ఎస్.ఐ. ఇక నోటిఫై చేసిన జిల్లాలకే పరిమితం కాదు. ప్రమాదకరమైన పనులుగా ప్రభుత్వం గుర్తించినచోట ఒక్క మనిషి ఉన్నా వర్తింపజేయవచ్చు. పది లోపు ఉన్న యూనిట్‌లో యజమానీ, పనివాళ్లలో ఎక్కువమందీ ఒప్పుకుంటే తమంతట తాము చేరవచ్చు. కౌల్ బజారులో ఎనిమిది మంది ఉన్న షెడ్డు, తలకు నెలకు 12,000 కూలి అనుకుందాం. చేరితే యజమానికి నెలకు 3,120 రూపాయలు, ఒక్కో పనివాడికి 90 రూపాయలు అవుతుంది. ఆసుపత్రి బిల్లును రేషన్ కార్డు పథకం ఇప్పటికే చూస్తుంటే ఈ సొమ్ము దేనికని యజమాని అడుగుతాడు. మెషిన్ మీది అమ్మాయి కాన్పుకు వెళ్లిన 26 వారాలూ జీతం రావడానికి, కామెర్లు వచ్చి మంచాన పడ్డ కుర్రాడికి మూడు నెలల దాకా కూలిలో 70 శాతం రావడానికి. ఏ రాష్ట్రపు ఆరోగ్య కార్డూ ఈ రెండూ ఇవ్వడం లేదు.